మందులకు లొంగని లుకేమియా కణాల మీద డబ్ల్యూఎస్‌టీ-8 కిట్: కొనాలా, ఎంటీటీ పొడితో సరిపెట్టుకోవాలా?

కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు ఫార్మసీ కాలేజీల్లో, కెమిస్ట్రీ విభాగాల్లో ఏటా కొత్త సమ్మేళనాలు తయారవుతూనే ఉంటాయి. చాల్కోన్లు, పైరజోలిన్లు, క్వినాజోలిన్లు, ట్రయజోల్ తగిలించిన కూమరిన్లు. వాటిలో క్యాన్సర్ కణాన్ని ఆపగలిగేది ఉందో లేదో తేల్చడానికి మొదట చేసేది, మందు వేశాక ఎన్ని కణాలు బతికాయో కొలిచే పరీక్ష. దీనికి ఎక్కువమంది వాడేది ఎంటీటీ పొడి. దాని స్థానంలో వచ్చిన తయారు ద్రావణం డబ్ల్యూఎస్‌టీ-8. జపాన్‌లోని డోజిండో సంస్థ దీన్ని సీసీకే-8 పేరుతో అమ్ముతుంది. అదే రసాయనంతో వేరే కంపెనీల కిట్లు కూడా దొరుకుతాయి. ఈ సమీక్ష ఏ ఒక్క బ్రాండు గురించీ కాదు, ఆ రసాయనం గురించి. అదీ ఒకే పనికి: మందులకు లొంగకుండా మొండికెత్తిన లుకేమియా (రక్త క్యాన్సర్) కణాల మీద కొత్త సమ్మేళనాల్ని పరీక్షించడానికి ఇది పనికొస్తుందా?

పనికొస్తుంది. ఎంటీటీ కంటే చాలా నయం. ఐదుకి నాలుగు మార్కులు నిస్సంకోచంగా వేయొచ్చు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందో తెలియకుండా కొంటే మాత్రం సీసా ఖాళీ అయ్యేసరికి చేతిలో మిగిలేది తప్పుడు అంకెలే.

ముందు కణాల సంగతి. లుకేమియా కణాలు ప్లేటు అడుగున అంటుకోవు, మీడియాలో (పోషక ద్రవంలో) తేలుతూ పెరుగుతాయి. రొమ్ము క్యాన్సర్ కణాలకో కాలేయ క్యాన్సర్ కణాలకో రాసిన ఎంటీటీ పద్ధతిని వీటికి యథాతథంగా వాడితే తంటా అక్కడే మొదలవుతుంది. ఎంటీటీని కణం లోపలికి తీసుకుని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తుంది. ఆ స్ఫటికాలు నీళ్లలో కరగవు. కాబట్టి పైనున్న మీడియా తీసేసి డీఎంఎస్‌వో అనే ద్రావకం పోసి కరిగించాలి. తేలే కణాల విషయంలో మీడియా తీయడమంటే కణాల్నీ స్ఫటికాల్నీ కలిపి తీసేయడమే. ప్లేటుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి జాగ్రత్తగా పైనీరు తీసినా ఒక్కో వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) ఒక్కోలా పోతుంది. మూడు వెల్స్ మధ్య తేడా పాతిక శాతం వచ్చిందంటే చాలావరకు కారణం సమ్మేళనం కాదు, పిపెట్ చివర. మీడియా తీయకుండా 10 శాతం ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థాన్ని 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి పోసి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి కరిగించే దారి ఉంది. అది నిజంగా పనిచేస్తుంది. కాకపోతే ఒక రోజు అదనం. చల్లదనంలో ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుపోతే రీడింగ్ పాడవుతుంది.

డబ్ల్యూఎస్‌టీ-8లో ఈ గొడవ లేదు. బతికున్న కణం లోపల జీవక్రియలో తయారయ్యే ఎన్ఏడీహెచ్, ఎన్ఏడీపీహెచ్‌ల ఎలక్ట్రాన్లను కిట్‌లోనే ఉన్న మెథాక్సీ పీఎంఎస్ అనే మధ్యవర్తి బయటికి చేరవేస్తుంది. బయట మీడియాలోనే నీళ్లలో కరిగే నారింజ రంగు ఏర్పడుతుంది. తీయడం, కడగడం, కరిగించడం లేవు. 100 మైక్రోలీటర్ల వెల్‌కి 10 మైక్రోలీటర్లు వేసి, గంట రెండు గంటలు ఆగి, 450 నానోమీటర్ల దగ్గర చదవడమే.

మొండి కణాలకు ఇది మరింత నప్పడానికి ఇంకో కారణం ఉంది. చాలామంది పట్టించుకోనిది అదే. మందులకు లొంగని కణాల్లో తరచుగా కనిపించేది పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు. 1976లో జూలియానో, లింగ్ దీన్ని బయటపెట్టారు. చెరువులోకి నీరు వస్తుంటే గట్టు మీద మోటారు పెట్టి తోడేసినట్టు, లోపలికి చేరిన మందుని ఈ పంపు ఎప్పటికప్పుడు బయటికి తోసేస్తుంది. డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్, విన్‌క్రిస్టిన్, ఎటొపొసైడ్, చివరికి ఇమాటినిబ్ కూడా దీనికి చిక్కుతాయి. ఇలాంటి పంపుల మీద పనిచేసే పదార్థాలు ఎంటీటీ రీడింగ్‌నే తారుమారు చేస్తాయనీ, దానివల్ల మందు విషప్రభావం ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చనీ 2004లోనే ప్రచురితమైంది. మీ కొత్త సమ్మేళనం పంపుని ఆపేదే అయితే, కణం బతికిందా లేక ఎంటీటీ లోపల ఎక్కువసేపు నిలిచిందా అన్నది రంగు చూసి చెప్పలేం. కాల్సిన్-ఏఎం అనే మెరిసే రంగు పరిస్థితి ఇంకా అన్యాయం. అది నేరుగా ఆ పంపు తోసేసే పదార్థమే. పంపు ఎక్కువున్న కణాల్లో దానితో బతికిన కణాల్ని లెక్కపెడితే, బతికున్నవే చచ్చినట్టు కనబడతాయి. డబ్ల్యూఎస్‌టీ-8లో రంగు బయటే తయారవుతుంది గనక ఈ చిక్కు బాగా తగ్గుతుంది.

మొండితనం అంటే ఒకటే రకం కాదు. కిట్ కొనేముందు మీ దగ్గరున్న కణం ఏ రకం మొండిదో తేల్చుకోవాలి. కే562 కణాలు దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా ముదిరిన దశలోని రోగి నుంచి తీసినవి. బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రోటీన్ మీద ఆధారపడి బతుకుతాయి. ఆ ప్రోటీన్‌ని ఆపే ఇమాటినిబ్‌కి అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. తర్వాత మొండితనం రెండు మూడు దారుల్లో వచ్చింది. ఒకటి టీ315ఐ మార్పు: మందు కూర్చునే చోట థ్రియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వస్తుంది. అప్పుడు ఇమాటినిబే కాదు, డసాటినిబ్, నిలోటినిబ్, బొసుటినిబ్ కూడా పట్టుకోలేవు. పొనాటినిబ్ పట్టుకుంటుంది, వేరే చోట అతికే అసిమినిబ్ కూడా. రెండోది పైన చెప్పిన పంపు. మూడోది, బీసీఆర్-ఏబీఎల్ ఊసే లేకుండా వేరే దారిలో బతకడం నేర్చుకోవడం. మీ సమ్మేళనం కైనేజ్‌ని (బీసీఆర్-ఏబీఎల్ లాంటి ఎంజైముని) ఆపేదైతే టీ315ఐ ఉన్న కణాలు కావాలి. పంపుని దాటుకెళ్లేది కావాలంటే డాక్సోరుబిసిన్‌కి అలవాటుపడిన కే562 గానీ, అలాంటిదే మరో లుకేమియా కణం సీఈఎం/ఏడీఆర్5000 గానీ కావాలి. "రెసిస్టెంట్ కే562 మీద పనిచేసింది" అని రాసి, ఏ కారణంతో రెసిస్టెంటో చెప్పని పేపర్లు చదివేవాళ్లకి ఏమీ చెప్పవు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికా మందుల సంస్థ లెడర్లీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని లుకేమియా ఉన్న పిల్లలకిచ్చి, వ్యాధి వెనక్కి తగ్గిందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమనీ అప్పుడే తేలింది. లుకేమియా మందుల చరిత్రలో మొండితనం తర్వాత వచ్చిన సమస్య కాదు, తొలి మందుతో పాటే వచ్చింది. అందుకే మామూలు కణాల మీద మాత్రమే పరీక్షించి ఐసీ50 (రీడింగుని సగానికి తగ్గించే మోతాదు) ప్రకటించే పని సగం పనే అంటున్నాం.

ఇక చేసే తీరు. కణాలు పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) లాంటి కణ భాండాగారం నుంచి తెచ్చుకోవడం మేలు. పక్క ల్యాబ్ నుంచి ట్యూబ్‌లో తెచ్చుకున్నవైతే ఎస్‌టీఆర్ పరీక్ష (కణం ఏదో డీఎన్ఏతో తేల్చేది), మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాని పట్టే పీసీఆర్ రెండూ చేయించాకే మొదలుపెట్టండి. మైకోప్లాస్మా కూడా ఎంటీటీ, డబ్ల్యూఎస్‌టీ-8 లాంటి టెట్రజోలియం రంగుల్ని మార్చగలదు. అంటే కణాలు చచ్చిన వెల్‌లో కూడా రంగు వస్తుంది, మందు పనిచేయలేదనిపిస్తుంది. కే562ని ఆర్‌పీఎంఐ-1640 మీడియాలో 10 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ పిండ సీరం) కలిపి, మిల్లీలీటరుకి లక్ష నుంచి పది లక్షల కణాల మధ్య పెంచాలి. పది లక్షలు దాటనిస్తే మర్నాడు ప్లేటులో వేసిన కణాలు కొంతసేపు మందకొడిగా ఉండొచ్చు. అలాంటి కణాల మీద మందు ప్రభావం సరిగ్గా తేలదు. రెసిస్టెంట్ కణాల్ని మందు కలిపిన మీడియాలోనే నిలబెడతాం కదా, పరీక్షకి మూడు నాలుగు రోజుల ముందు మందు లేని మీడియాకి మార్చాలి. మార్చకపోతే లోపల మిగిలిన డాక్సోరుబిసిన్ మీ సమ్మేళనం ఖాతాలో పడుతుంది. మరీ ఎక్కువ వారాలు మందు లేకుండా వదిలేస్తే కొన్ని రకాల కణాల్లో మొండితనమే సడలిపోతుంది.

ప్లేటు అమరిక మీదే మొత్తం ఆధారపడి ఉంది. 96 వెల్స్‌లో బయటి 36 వదిలేయాలి, వాటిలో 200 మైక్రోలీటర్ల చొప్పున స్టెరైల్ నీరో పీబీఎస్ అనే ఉప్పు బఫర్ ద్రావణమో పోయాలి. 72 గంటల్లో అంచు వెల్స్ ఎండి, లోపలి మందు చిక్కబడుతుంది. లోపల మిగిలేవి ఆరు వరసలు, పది నిలువులు. ఒక్కో సమ్మేళనానికి మూడు వరసలు ఇవ్వండి: రెండు వరసల్లో కణాలు, మూడోదాంట్లో కణాల్లేకుండా మీడియా, మందు మాత్రమే. 2వ నిలువు డీఎంఎస్‌వో మాత్రమే, 3 నుంచి 10 దాకా ఎనిమిది మోతాదులు, 11వ నిలువులో కణాల్ని పూర్తిగా చంపే తెలిసిన మందు. ఇలా ప్లేటుకి రెండు సమ్మేళనాలు పడతాయి. ఆ మూడో వరసని "రీడింగులు వృథా" అని ఎత్తేసేవాళ్లు చాలామంది. ఈ కిట్‌కి మేం తగ్గించిన ఒక్క మార్కూ ఆ వరసలోనే ఉంది, దాని సంగతి కింద.

కణాలు వెల్‌కి 5,000, 90 మైక్రోలీటర్లలో. నలభై వెల్స్‌కి 3.6 మిల్లీలీటర్లు కావాలి, 4 చేసుకోండి. అంటే 2.2 లక్షల కణాలు. చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో లెక్కపెట్టినప్పుడు 95 శాతానికి తక్కువ బతికుంటే ఆ రోజు ప్లేటు వేయకపోవడమే మంచిది. కణాలు ట్యూబ్ అడుగుకి దిగిపోతుంటాయి, ప్రతి రెండు నిలువులకోసారి ట్యూబ్‌ని మెల్లగా తిరగేయాలి. లేకపోతే ప్లేటు ఎడమవైపు పల్చగా, కుడివైపు చిక్కగా తయారై, దాన్ని మందు ప్రభావం అనుకుంటారు.

మందు 10 మిల్లీమోలార్ స్టాకు డీఎంఎస్‌వోలో. మోతాదుల్ని డీఎంఎస్‌వోలోనే ముందు పల్చన చేసుకుంటూ రావాలి, తర్వాత ఒక్కోదాన్ని మీడియాలో 20 రెట్లు పల్చన చేసి, దాంట్లోంచి 10 మైక్రోలీటర్లు వెల్‌లో వేయాలి. అప్పుడు పై మోతాదు 50 మైక్రోమోలార్, డీఎంఎస్‌వో అన్ని వెల్స్‌లోనూ సమానంగా 0.5 శాతం. అలాకాక పై మోతాదుని మీడియాలో కలిపి దాన్నే మీడియాతో పల్చన చేస్తూ పోతే ఒక్కో మోతాదులో డీఎంఎస్‌వో ఒక్కోలా ఉంటుంది. హెచ్ఎల్-60 అనే లుకేమియా కణాలతో ఇది చాలా ప్రమాదం. 1.25 శాతం దగ్గర డీఎంఎస్‌వో ఆ కణాల్ని పరిపక్వ గ్రాన్యులోసైట్ల (ఒక రకం తెల్లకణాల) వైపు నడిపిస్తుంది, విభజన ఆగిపోతుంది. మందు ప్రభావం అనుకున్నది ద్రావకం ప్రభావం అవుతుంది.

మీడియాలో 20 రెట్లు పల్చన చేసే ఆ క్షణంలో ట్యూబ్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి. పట్టు దారాల్లా గానీ, పాలు విరిగినట్టు మబ్బుగా గానీ కనబడితే మందు కరగలేదు. 24 గంటల తర్వాత మైక్రోస్కోపు కింద వెల్ అడుగున సూదుల్లాంటి స్ఫటికాలున్నాయేమో మళ్లీ చూడాలి. ఉంటే ఆ మోతాదు, దానిపై మోతాదులు లెక్కలోకి రావు. "50 దగ్గర కూడా 40 శాతమే చచ్చాయి" అనే ఫలితాల్లో కొన్నింటి వెనక కథ ఇదే: 50 అని రాసుకున్నది కణం దగ్గరికి 15గా కూడా చేరలేదు.

72 గంటలయ్యాక రంగు వేసే ముందు ఒకసారి ప్లేటుని 450 దగ్గర చదివి పెట్టుకోండి. తర్వాత వెల్‌కి 10 మైక్రోలీటర్ల డబ్ల్యూఎస్‌టీ-8. చిన్న పరిమాణం కాబట్టి పిపెట్ చివరలో అతుక్కుని మిగిలిపోతుంది. చివరని వెల్ గోడకి ఆనించి వదిలి, ప్లేటు పక్కల మెల్లగా తట్టి కలపాలి. గట్టిగా ఊదితే బుడగలు వస్తాయి. ఒక్క బుడగ చాలు, ఆ వెల్ పక్కవాటికి రెట్టింపు చూపిస్తుంది. కే562కి గంట, గంటన్నర సరిపోతుంది. నెమ్మదిగా పెరిగే కణాలకి నాలుగు గంటలైనా పట్టొచ్చు. డీఎంఎస్‌వో వెల్స్ రీడింగ్ 1.0 దాటి 1.5 లోపు ఉన్నప్పుడు ఆపేయండి. రంగు బాగా రావాలని రాత్రంతా వదిలేస్తే ఎక్కువ కణాలున్న వెల్స్ ముందే నిండిపోయి, తక్కువ కణాలున్నవి వాటిని అందుకుంటాయి. మొండి కణం, మామూలు కణం ఒకేలా కనిపిస్తాయి. రిఫరెన్సుగా 650 నానోమీటర్ల దగ్గర చదివిన రీడింగుని తీసివేస్తే గీతలు, మబ్బు వల్ల వచ్చే తేడా పోతుంది.

కొత్త సీసా తెరవగానే మొదటి ప్లేటు మందులకి కాదు, కణాల సంఖ్యకి ఖర్చుపెట్టండి. 1,000 నుంచి 64,000 దాకా రెట్టింపులుగా వేసి, గంటకోసారి చదివి, గీత ఎక్కడిదాకా సరళరేఖగా ఉందో చూడాలి. మామూలు కణానికీ రెసిస్టెంట్ కణానికీ విడివిడిగా గీయాలి. వాటి జీవక్రియ ఒకేలా ఉండదు, అదే సంఖ్యలో కణాలు వేర్వేరు రంగు ఇస్తాయి. కాబట్టి ఒక కణం రీడింగుని ఇంకో కణం రీడింగుతో నేరుగా పోల్చకూడదు. దేన్ని దాని సొంత డీఎంఎస్‌వో వెల్‌తోనే పోల్చాలి.

ఇప్పుడు ఆ తగ్గిన మార్కు. 450 నానోమీటర్లంటే నీలం వెలుగు. నీలాన్ని మింగేసేవి పసుపు, నారింజ రంగు పదార్థాలు. మన దగ్గర తయారయ్యే చాల్కోన్లలో చాలావరకు పసుపువే. పసుపులోని కర్‌క్యుమిన్ 425 నానోమీటర్ల చుట్టూ గట్టిగా మింగుతుంది, 450 దాకా దాని నీడ పడుతుంది. డాక్సోరుబిసిన్ ఎరుపు కూడా 480 చుట్టూ మొదలై ఇక్కడికి చేరుతుంది. మోతాదు పెరిగేకొద్దీ రంగు పెరుగుతుంది గనక, పై మోతాదుల్లో కణాలు కోలుకున్నట్టు గీత పైకి లేస్తుంది. అలా లేచిన గీత కనబడితే ముందు అనుమానించాల్సింది మందునే, కణాన్ని కాదు.

ఇంతకంటే దొంగ సమస్య ఇంకోటి. ఫినాల్ గుంపులు, థయోల్ గుంపులు ఉన్న పదార్థాలు కణాల అవసరం లేకుండానే డబ్ల్యూఎస్‌టీ-8ని నేరుగా క్షయకరణం చేస్తాయి. క్వెర్సిటిన్, గ్యాలిక్ ఆమ్లం, గ్రీన్ టీ కాటెకిన్లు, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అన్నీ ఈ జాబితాలోవే. ఆకుల, బెరళ్ల సారాలతో పనిచేసేవాళ్లు దీన్ని ప్రతి ప్లేటులోనూ ఎదుర్కొంటారు. కణాల్లేని ఆ మూడో వరస ఈ రెండింటినీ పట్టేస్తుంది. మందు ఉన్న ఖాళీ వెల్ రీడింగ్ మామూలు ఖాళీ వెల్ కంటే 0.1 పెరిగితే ఆ మోతాదుకి దాని సొంత ఖాళీనే తీసివేయండి. 0.3 దాటితే తీసివేతలతో సరిపెట్టకండి, ఆ సమ్మేళనానికి కిట్ మార్చండి. కణాల్ని పగలగొట్టి ఏటీపీ కొలిచే మెరుపు కిట్లు ఖరీదైనవే, వాటికి వెలుతురు కొలిచే రీడరు కూడా కావాలి. అయినా పసుపు సమ్మేళనాలకి అవే దారి. అదీ వీలుకాకపోతే హిమోసైటోమీటర్‌లో (కణాలు లెక్కపెట్టే గాజు పలకలో) ట్రైపాన్ బ్లూ లెక్క. చాకిరీ ఎక్కువే, అబద్ధం మాత్రం ఆడదు.

డెల్టా వాతావరణానికి సంబంధించిన జాగ్రత్తలు ఏ కిట్ కాగితంలోనూ రాసి ఉండవు. డీఎంఎస్‌వో గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అమలాపురం, నరసాపురం వైపు వానాకాలం గాలిలో మూత తెరిచి పెట్టిన స్టాకు కొద్దికొద్దిగా నీరు పడుతూ పోతుంది. మోతాదు పల్చబడుతుంది, నీటికి పడని సమ్మేళనాలు ట్యూబ్‌లోనే విడిపోతాయి. ఒకే పెద్ద ట్యూబ్‌ని పదిసార్లు తెరిచే బదులు 20 మైక్రోలీటర్ల చిన్న ట్యూబులుగా పంచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో మైనస్ 20లో పెట్టండి. ఒక్కోటి ఒక్కసారికే. డీఎంఎస్‌వో 18.5 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఫ్రీజర్ నుంచి తీసిన ట్యూబ్ పూర్తిగా గది వేడికి వచ్చాకే మూత తీయాలి. ముందే తీస్తే చల్లని గోడ మీద తేమ నీటిబొట్లుగా చేరి లోపలికి జారుతుంది. కరిగాక బాగా కలపాలి, సగం కరిగిన దాంట్లోంచి తీస్తే ఏ మోతాదు తీశారో మీకే తెలియదు.

కరెంటు పోవడం ఇంకో బాధ. యూపీఎస్ ఉన్నా రీడర్‌కి దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. ఇక్కడ డబ్ల్యూఎస్‌టీ-8కి ఒక మంచి సౌలభ్యం ఉంది. రంగు తగినంత రాగానే వెల్‌కి 10 మైక్రోలీటర్లు 1 శాతం ఎస్‌డీఎస్ గానీ 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం గానీ వేస్తే చర్య ఆగిపోతుంది. అల్యూమినియం రేకు చుట్టి చీకట్లో పెడితే 24 గంటల్లోపు ఎప్పుడైనా చదువుకోవచ్చు. రీడర్ పక్క ఊరి కాలేజీలో ఉన్నవాళ్లకి ఇది వరం. ఇంక్యుబేటర్ తడి పళ్లెంలో బోరు నీళ్లు పోయొద్దు, స్టెరైల్ డిస్టిల్డ్ నీళ్లే పోయండి. వర్షాకాలంలో ఫంగస్ ముందు మొలిచేది ఆ పళ్లెంలోనే. వారానికోసారి తీసి ఆల్కహాల్‌తో తుడవండి.

కొనుగోలు విషయం. 5 మిల్లీలీటర్ల సీసా 500 పరీక్షలకని అట్ట మీద ఉంటుంది. లెక్క అలా రాదు. ప్లేటుకి 60 వెల్స్, 600 మైక్రోలీటర్లు, మల్టీచానల్ తొట్టెలో మిగిలేదాంతో కలిపి 700. రెండు సమ్మేళనాలు, మామూలు కణం ఒకటి, రెసిస్టెంట్ కణం ఒకటి, మూడు విడి ప్రయోగాలు, మొత్తం ఆరు ప్లేట్లు, 4.2 మిల్లీలీటర్లు. మిగిలింది ఆ కణాల సంఖ్య ప్లేటుకి. అంటే ఒక సీసాతో నికరంగా తేలేవి రెండు సమ్మేళనాలు. ఎంటీటీ గ్రాము కొంటే వెల్‌కి 50 మైక్రోగ్రాముల లెక్కన 20,000 వెల్స్ వస్తాయి. ధరలో పోలికే లేదు. అందుకని నలభై సమ్మేళనాల తొలి వడపోతకి ఒకే మోతాదులో, ఎస్‌డీఎస్ పద్ధతిలో ఎంటీటీ వాడి, మిగిలిన నాలుగైదింటికి ఈ కిట్ కొనడం సరైన పద్ధతి. సీసా చల్లగా రావాలి. హైదరాబాద్ నుంచి శుక్రవారం బయలుదేరిన పెట్టె ఆదివారం ఏదో గోడౌన్‌లో కూర్చుంటుంది. సోమ, మంగళవారాల్లోనే పంపమని ఆర్డరులో రాయించండి. పెట్టె తెరవగానే ఐసు ప్యాకులు ఇంకా చల్లగా ఉన్నాయో లేదో, సీసా మీద లాట్ నంబరు, గడువు తేదీ ఏమున్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. సీసాని రేకు చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి వాడుకోండి, మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగిస్తే కణాల్లేని వెల్స్‌లోనే రంగు పెరుగుతూ వస్తుంది. ఖాళీ వెల్ రీడింగ్ పాత ప్లేట్ల కంటే పైకి జరుగుతోందంటే సీసా పని అయిపోయినట్టే.

ఫలితం రాసేటప్పుడు రెసిస్టెంట్ కణం ఐసీ50ని మామూలు కణం ఐసీ50తో భాగిస్తే వచ్చేది రెసిస్టెన్స్ సూచిక. 1 దగ్గర ఉంటే ఆ మొండితనం మీ సమ్మేళనాన్ని ఆపడం లేదని అర్థం. ఆ అంకెని నమ్మాలంటే తెలిసిన మందుతో పక్కనే రుజువు ఉండాలి. ఇమాటినిబ్‌కి మొండికెత్తిన కణమైతే, ఆ మందు ఐసీ50 మామూలు కే562లో 1 మైక్రోమోలార్ లోపే రావాలి, రెసిస్టెంట్‌లో చాలా పెరగాలి. ఆ తేడా రాకపోతే మీ సమ్మేళనం అంకె ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. పంపు అనుమానం ఉంటే, పంపుని ఆపే వెరపమిల్ 5 నుంచి 10 మైక్రోమోలార్ కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి. వెరపమిల్ ఒంటరిగా కణాల్ని ఎంత చంపుతుందో కూడా అదే ప్లేటులో ఉండాలి.

ఈ కిట్ చెప్పనిది ఒకటుంది. రంగు తగ్గితే కణం చచ్చిందని కాదు, విభజన ఆగి ఉండొచ్చు, జీవక్రియ మందగించి ఉండొచ్చు. కైనేజ్‌ని ఆపే మందులతో ఇది తరచూ జరుగుతుంది. 50 శాతం తగ్గిన మోతాదు దగ్గర చచ్చిపోతున్న కణాల్ని గుర్తించే అనెక్సిన్ వీ పరీక్షో, కనీసం ట్రైపాన్ బ్లూ లెక్కో చేయకుండా "కణాల్ని చంపింది" అని రాయకూడదు. అలాగే ఆరోగ్యవంతుల రక్తం నుంచి తీసిన తెల్లకణాలతో సరిపోల్చేటప్పుడు అవి ప్లేటులో విభజన చెందవని గుర్తుంచుకోవాలి. వాటి రంగు మొదటినుంచే తక్కువ, నాలుగు గంటలు పట్టొచ్చు. పీహెచ్ఏ అనే పదార్థంతో విభజనకి ప్రేరేపించిన కణాల వరస ఒకటి పక్కన పెడితేనే పోలికలో న్యాయం ఉంటుంది.

సొంత కణాల ల్యాబ్ లేనివాళ్లు సమ్మేళనాల్ని బయటికి పంపి పరీక్షింపజేసుకుంటారు. అప్పుడు రిపోర్టులో ఒక్క ఐసీ50 అంకె, ఒక రంగుల గీత వస్తే తీసుకోవద్దు. ఏ రంగు కిట్ వాడారు, కణాల్లేని మందు వెల్స్ పెట్టారా, ఏ మొండి కణం, దాని మొండితనానికి రుజువేంటి, డీఎంఎస్‌వో ఎంత శాతం, అన్ని వెల్స్ ముడి రీడింగులు ఎక్సెల్‌లో ఇస్తారా అని డబ్బు కట్టకముందే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. మీ సమ్మేళనం ఏ రంగులో ఉందో కూడా ఆ మెయిల్‌లోనే చెప్పండి.